కార్తీకంలో విప్పని ముడి

మా ముత్తాత పెద్ద ఓబులప్ప. ఆయన తండ్రి సుబ్బప్ప, సుబ్బప్ప తండ్రి నరసప్ప. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఊళ్ళలో ఈ పేర్లలో ఏది చెప్పినా అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడిన కాలం ఒకటి ఉండేది. అహోబిలం నుంచి పార్వేట ఉత్సవానికి బయలుదేరిన స్వామి పల్లకి మా ఊరికి వస్తే మొదట మా గడప ముందే దిగేది. పల్లకి దించడానికి మా వాళ్ళు పరిపించిన బేతంచెర్ల నాపరాళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాటి వెనక ఇల్లు ఇప్పుడు మాది కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మా వంశం కథను ఎవరైనా జాలిపడుతూ చదవడం నాకు ఇష్టం లేదు. పెద్దగా బతికాం, తర్వాత అలా బతకలేకపోయాం. అంతే.

కాలువ కింద మాగాణి, కుందూ నది ఒడ్డున నల్లరేగడి, ఇవి గాక మాకు ఒక మడ కూడా ఉండేది. మడ అంటే సముద్రపు ఒడ్డు అడవి. ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట, పోటు వచ్చినప్పుడల్లా నీళ్ళలో మునిగి, ఆటుకు తేలే చెట్లు. నల్లమల దాటి, ఇంకా ఎంతో దూరం పోతేగాని కనిపించని ఆ అడవి, కుందూ నీళ్ళు తప్ప మరో నీళ్ళు ఎరగని మాకు ఎందుకు వచ్చిందని నన్ను చాలామంది అడిగారు. ఇన్నాళ్ళూ ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఈ ఏడు కార్తీకంలో పోలమ్మ రాకపోయి ఉంటే ఇప్పుడు కూడా చెప్పేదాన్ని కాదు.

నంద్యాలలో స్టేషన్ వెనక నేనుండే అద్దె ఇంటికి ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. చేతిలో గుడ్డసంచి. వాకిట్లో నిలబడి, "ఆళ్ళగడ్డ కాడ ఓబులప్పగారి ఇంటి మనిషి మీరేనా అమ్మా?" అంది.

"నేనే. ఎవరు కావాల?"

"మీరే కావాల. నేను కోటయ్య కూతురిని. ఉప్పుటేటి కోటయ్య."

ఆ పేరు విని ఎన్నేళ్ళయిందో. లోపలికి రమ్మన్నాను. నేల మీద కూర్చోబోతుంటే కుర్చీ ఉంది కదా అన్నాను. "మీ ఇంట్లో కింద కూచుంటేనే అన్నం దండిగా పెడతారని మా నాయన చెప్పేవోడు" అని కిందే కూర్చుంది. కొడుకు బేతంచెర్లలో బండల పాలిష్ పనిలో ఉన్నాడట. వాడి దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి ఆళ్ళగడ్డ వెళ్ళి మా ఇంటిని వెతికిందట. "మీ ఇంటి ముందర ఒక ముసలాయనను అడిగినానమ్మా, ఓబులప్పగారికి సముద్రం కాడ మడ ఉండేదే, వాళ్ళెక్కడ అని. ఆయనేమన్నాడో తెల్సా? ఆ మడను సముద్రం మింగిందమ్మా, మడతో పాటే వాళ్ళ కాలమూ పాయ అన్నాడు."

ఆమె సంచి విప్పింది. మొదట ఎండురొయ్యల వాసన వచ్చింది. గది ఒక్కసారిగా నిండిపోయింది. రొయ్యల పొట్లం పక్కన పెట్టి, అడుగు నుంచి పాత తువ్వాలులో చుట్టిన తాడు ముక్కను తీసి నా ముందు పెట్టింది. తాటినార తాడు. నల్లబడి, ఉప్పు పట్టి, కట్టెలా బిగుసుకుపోయింది. రెండు చివర్లూ కత్తితో కోసినట్టు ఉన్నాయి. మధ్యలో ముడి. ఆ ముడిని చూడగానే నా బొటనవేళ్ళు వాటంతటవే కదిలాయి.

మా ఇంట్లో వంటింటి వెనక ఉప్పు కొట్టు అనే గది ఉండేది. కిటికీ లేదు, మట్టిగోడలు. ముత్తాత రోజుల్లో మా వాళ్ళు ఎద్దుల మీద పెరికె సంచులు వేసుకుని నందికనుమ దాటి సముద్రం దాకా పోయి ఉప్పు తెచ్చేవారు. నేను పుట్టేనాటికి ఆ ఎద్దులూ లేవు, ఆ బేరమూ లేదు. గది మాత్రం ఉండేది, దాని గోడలకు ఉప్పు పట్టి ఉండేది. వాన రాబోతుంటే ఆ గోడలు చెమర్చేవి. మా జేజి, అంటే నాయన తల్లి, రోజూ పొద్దున కళ్ళాపి చల్లకముందే ఆ గదిలోకి పోయి గోడ మీద అరచెయ్యి ఆనించి చూసేది. చెయ్యి తడిస్తే బయటికి వచ్చి, "జొన్నలు లోపలికి ఎత్తండప్పా" అనేది. ఆకాశంలో మబ్బు లేకపోయినా సరే, ఎత్తేవాళ్ళు. ఆ గదిలో ఉప్పు వాసన, బురద వాసన, ఎండుచేపల వాసన కలిసి ఒక చల్లని వాసన ఉండేది. చిన్నప్పుడు ఆ గదిలోకి ఒంటరిగా పోవడానికి భయపడేదాన్ని. ఎవరో లోపల కూర్చుని మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు ఉండేది.

ఉప్పు మోసే ఎద్దులకు సముద్రం దగ్గర మేత దొరికేది కాదు. అక్కడ పచ్చగా ఉండేది ఒక్క మడ ఆకే. తెల్లమడ ఆకు పశువులు ఇష్టంగా తింటాయి. ఎద్దులు నాలుగు రోజులు నిలబడి మేయడానికి చోటు కావాలని ముత్తాత ఆ మడను కొన్నాడు. నాగలి దిగని నేలకు దుడ్లు పోసినాడని ఊళ్ళో నవ్వారట. ఒక ఏడు ఉప్పెన వచ్చింది. జేజి ఆ కథను చూసినట్టే చెప్పేది గాని, ఆమె అప్పటికి ఈ ఇంటికి కోడలై రాలేదు. "మడ ముందర ఉండే పల్లె ల్యాదు, కొట్టకపాయ. మడ ఎనక ఉండే పల్లెలో దూడ గూడా చావలేదు. మనోళ్ళు, ఎద్దులు ఆ ఎనకనే ఉండారు." ఆ తర్వాత ముత్తాత ఎద్దులను కూడా మడలోకి తోలనివ్వలేదు. గొడ్డలి మాట అసలే లేదు.

ఆ వెనక పల్లెవాళ్ళే ముత్తాత దగ్గరికి వచ్చి తాడు మాట చెప్పారు. ఆషాఢంలో మడలోని పాయ మూతికి అడ్డంగా, ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు తాడు కడతాం, కార్తీకం దాకా లోపలికి ఎవ్వరమూ వల దించం. రొయ్య పిల్ల, పీత పిల్ల లోపల పెరగాలి. కట్టేది మేము. విప్పేది మాత్రం మీ ఇంటి మనిషి. మాలో ఎవరికి అప్పగించినా ఇంకొకడు ఒప్పుకోడు, ఆకలేస్తే అందరికీ చేతులు దురద పెడతాయి. మీరు నీళ్ళలో దిగరు, చేపలు పట్టరు, మీకు తొందర లేదు. ఇదీ వాళ్ళు చెప్పిన కారణం. అప్పటి నుంచి ఏటా కార్తీకంలో మా ఇంటి నుంచి ఒకరు కనుమ దాటి పోయి, ఆ ముడి విప్పి వచ్చేవారు. ఆ మనిషి వెంట బుట్టల నిండా రొయ్యలు, ఎండుచేపలు వచ్చేవి. ఆ రోజు జేజి గోంగూరలో ఎండురొయ్యలు వేసి వండితే వీధి చివర దాకా తెలిసేది. జొన్నరొట్టెతో ఆ కూర తిన్న చెయ్యి మరునాటిదాకా వాసన పోయేది కాదు, పోవాలని ఎవరూ కోరుకునేవారు కాదు. నంద్యాలలో ఎండుచేపల అంగడి పెట్టుకున్న ఖాదర్ సాయిబు మిగతా బుట్టలు తీసుకుపోయేవాడు. పల్లెవాళ్ళ సరుకు మధ్యలో ఎవరి చేతుల్లోనూ పడకుండా నేరుగా ఆయన అంగడికి చేరేది. "అమ్మా, ప్యాపిలి సంతలో నా మాదిరే ఓబులప్ప మడ రొయ్యలని అరిసి యాడియో రొయ్యలు అమ్ముతాండారు, కేసు ఏసేదా?" అని జేజిని నవ్వించేవాడు. మా మడ పేరు మా కంటే ముందే సంతలకు పోయేది. అది మాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఒక పల్లె పొయ్యి, ఒక సాయిబు అంగడి, సంతల్లో బుట్టలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు, అన్నీ ఆ పాయ మూతి దగ్గర ఒక తాటినార తాడుకు వేలాడుతూ ఉండేవి.

ఒక కార్తీకంలో జేజినాయన, అంటే నాయన తండ్రి, నన్ను వెంట తీసుకుపోయాడు. ఆయన నిటారుగా నడిచే మనిషి. తలపాగా లేకుండా గడప దాటగా నేను చూడలేదు. ఆళ్ళగడ్డలో ఆయన మాట్లాడితే ఎదుటివాళ్ళు గొంతు తగ్గించేవారు. పడవ ఎక్కేటప్పుడు మాత్రం ఆయన ఒక చేత్తో పడవ నడిపే కోటయ్య భుజాన్ని, ఇంకో చేత్తో నా జడను పట్టుకున్నాడు.

"పొలంలో పులి, పడవలో పిల్లి" అన్నాడు వెనక నుంచి ఎవరో. అందరూ నవ్వారు.

"ఎవుర్రా అది?" అన్నాడు జేజినాయన, కళ్ళు మూసుకునే.

"గాలయ్యా" అన్నాడు కోటయ్య. "ఈడ గాలికి నోరు ఎక్కువ."

జేజినాయన కూడా నవ్వాడు. ఇంటి దగ్గర ఆ మాట అన్నవాడు క్షేమంగా అరుగు దిగి ఉండేవాడు కాదు. అక్కడ ఆయన వేరే మనిషి. మడ చెట్ల కింద బురదలోంచి వేర్లు పైకి లేచి, వేళ్ళు నిలబెట్టినట్టు ఉన్నాయి. ఆటు పోతుంటే బురద మీద బుడగలు లేచి చిట్లుతున్నాయి. ఉప్పు కొట్టులో విన్న ఊపిరి అదే. నేను భయపడి జేజినాయనకు అతుక్కున్నాను. కోటయ్య దోసిట్లో నీళ్ళు ముంచి నా ముందు పట్టాడు. మొదట ఏమీ కనబడలేదు. తర్వాత వెంట్రుక ముక్కల్లాంటివి కదిలాయి, వాటికి నల్లటి కళ్ళు. "రొయ్య పిల్లలు పాపా. ఈడ పెరిగి సముద్రంలోకి పోతాయి. మాకు ఇది నారుమడి."

జేజినాయన చాలాసేపు ఆ దోసిలి చూశాడు. "నారుమడిలోకి ఎద్దుల్ని తోలేవోడు ఉంటాడా" అన్నాడు, తనకు తానే. తర్వాత తాడు దగ్గర పడవ ఆపించి, "నువ్వు ఇప్పు" అన్నాడు నాతో. నేను పట్టుకుని లాగాను. ముడి బిగుసుకుంది. "లాగితే ఇంగా బిగుస్తాది పాపా. తడుపు. తడిపి, బొటనవేలితో లోపలికి తొయ్యి. కత్తి తగలగూడదు, పల్లు తగలగూడదు." నేను తోశాను. ముడి వదులై, తాడు నీళ్ళలో పడింది. ఒడ్డున ఆడవాళ్ళు సంతోషంగా కేక పెట్టారు. పడవలు నా పక్క నుంచి లోపలికి పోయాయి. నాకు ఆ రోజు, నేనే ఆ పాయను తెరిచానని అనిపించింది. మా వంశంలో పుట్టడం అంటే ఏమిటో నాకు తెలిసింది పార్వేట పల్లకి ముందు కాదు, ఆ బురదలో.

జేజినాయన పోయాక భాగాలు పంచుకున్నారు. కాలువ కింద వరి కయ్యల కోసం నాయన, చిన్నాయన మాట్లాడుకోవడం మానేశారు. మడను ఎవరూ అడగలేదు. పెద్దవాడు కదా అని నాయన భాగంలో వేశారు. తర్వాత నాయన చేతిలో ఆస్తి కరగడం మొదలైంది. బోర్లు, కోర్టు, ఎన్నికలు. మా వైపు పెద్ద ఇళ్ళు కరిగే దారులన్నిట్లోనూ ఆయన నడిచాడు. ఏదో ఒకటి అమ్మాల్సిన రోజు వచ్చింది. అప్పుడే సముద్రపు ఒడ్డున రొయ్యల చెరువులు తవ్వేవాళ్ళు వచ్చి పడ్డారు. అమ్మ వడ్డిస్తుండగా నాయన అన్న మాట నాకు గుర్తుంది. "కాలువ కింద సెంటు అమ్మితే పొద్దుటికి ఊరంతా తెలుస్తాది. మడ అమ్మితే ఎవునికి తెలుస్తాది? ఈడోడు ఎవుడన్నా సూసినాడా దాన్ని?"

జేజి వంటింట్లోంచి అంది, "సూసినోళ్ళు ఆడ ఉండారు గదప్పా."

నాయన మడను చెరువులవాళ్ళకు అమ్మేశాడు. ఊళ్ళో అడిగినవాళ్ళకు సముద్రం ముందుకొచ్చి మడను మింగిందని చెప్పాడు. మేమందరమూ అదే చెప్పాం. మాలాంటి పెద్ద ఇంటికి సముద్రం శత్రువు కావడం కూడా ఒక గౌరవమే అనిపించేది.

ఆ ఏడు కార్తీకంలో మా ఇంటి నుంచి ఎవరూ పోలేదు. కోటయ్యే వచ్చాడు. పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నాయన నడిమింట్లో ఉన్నాడు. ల్యాడని చెప్పమని అమ్మకు సైగ చేశాడు. అమ్మ ఆ మాట చెప్పి లోపలికి వచ్చేసింది. జేజి అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"పాయ నిండా రొయ్య ఎగురుతా ఉండాదమ్మా" అన్నాడు కోటయ్య. "పిల్లోళ్ళు ఆగేట్టు లేరు. అయ్య ఎప్పుడొస్తాడు?"

"మీరే ఇప్పుకోరాదా కోటయ్యా, ఈ ఏటికి?"

"అది మా చెయ్యి కాదు గదమ్మా."

జేజి తల దించుకుంది. ఆమె తల దించుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. కోటయ్య సాయంత్రం దాకా కూర్చున్నాడు. లేచేటప్పుడు గడప పక్కన చూసి, "చెప్పులు ఈడ పెట్టి యాడికి పోయినాడమ్మా అయ్య?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నిజంగా అడిగినట్టే అడిగాడు. జేజి పైటకొంగులో కొర్రలు పోసుకొచ్చి అతని తుండులో కట్టింది. అతను పోయాక నాయన బయటికి వచ్చి, ఆ చెప్పులు తొడుక్కుని, ఎటో వెళ్ళిపోయాడు. జేజి మళ్ళీ ఎండురొయ్యలు ముట్టలేదు. పొద్దున్నే గోడ తాకడం మాత్రం మానలేదు. ఇల్లు వదిలి వచ్చే రోజున కూడా తాకింది.

మిగిలింది పోలమ్మ చెప్పింది. వాళ్ళు కార్తీకమంతా ఎదురు చూశారట. తాడు కట్టే ఉంది, ఎవరూ లోపలికి దిగలేదు. మార్గశిరంలో కొన్నవాళ్ళ మనుషులు యంత్రాలతో వచ్చి, కత్తితో తాడు కోసి, చెట్లు పెళ్ళగించారు. కోటయ్య బురదలోకి దిగి ముడి ఉన్న ముక్కను వెతికి తెచ్చుకున్నాడు. చెరువులు కొన్నేళ్ళు బాగా పండాయి. తర్వాత తెగులు వచ్చి, తవ్వినవాళ్ళు వదిలేసి పోయారు. అప్పటికి పల్లె బావి ఉప్పయింది. సముద్రంలో వల వేస్తే ఒకప్పుడు పడినదాంట్లో పిడికెడు కూడా పడలేదు. నారుమడి లేని చేను ఎట్లా పండుతుంది? పడవలు అమ్ముకున్నారు. తర్వాతి ఉప్పెనకు వెనక పల్లె కూడా లేచిపోయింది. వయసులో ఉన్నవాళ్ళు తలా ఒక దిక్కు పట్టారు. మిగిలినవాళ్ళు అక్కడే మళ్ళీ గుడిసెలు వేసుకున్నారు. నంద్యాలలో సాయిబు అంగడి ఎందుకు మూతపడిందో నాకు ఆ రోజు అర్థమైంది. ఆయనకు వయసైందనుకున్నాను నేను.

"ఇప్పుడు ఏమయిందంటేనమ్మా" అంది పోలమ్మ, "వదిలేసిన చెరువు కట్టలెంబడి మడ తనంతట తానే లేచింది. సర్కారోళ్ళు, మేము కూడా కొంత నాటినాం. పోయినేడు మండపీత కనపడింది. ఇంకో చెరువులాయన గుత్తకి అడుగుతా ఉండాడు. సగం మంది ఇచ్చేద్దామంటారు. తాడు కట్టేస్తే ఇంగ ఎవురూ నోరెత్తరు. కట్టాలంటే పాతది విప్పలేదు గదా అంటారు పెద్దోళ్ళు. కోసి పారేసి కొత్తది కట్టండి అంటారు పిల్లోళ్ళు. కత్తితో కోసింది వాళ్ళు, మనమూ కోస్తే తేడా ఏముంది అన్నాను నేను."

"ఆ నేల మాది కాదు పోలమ్మా. నా చేతికి ఏ హక్కూ లేదు."

"హక్కు కోసం రాలేదమ్మా. ముడి కోసం వచ్చినా."

"మా నాయన ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు" అన్నాను. ఆ మాట నేను అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.

"తెల్సు. చెప్పులు చూసినానని మా నాయన చెప్పినాడు. పెద్ద చెప్పులంట." ఆమె నవ్వింది. "బస్సుకు యాళ అయితా ఉండాది, లేచేది ఉందా లేదా?"

కనుమ రోడ్డులో బస్సు మలుపులు తిరుగుతుంటే తాడు ముక్క నా ఒళ్ళో ఉంది. సముద్రం దగ్గర నేను గుర్తుపట్టింది ఏదీ లేదు. తెల్లగా పగుళ్ళు వేసిన చెరువులు, వాటి అంచున నడుమెత్తు మడ చెట్లు. పాయ సన్నగా ఉంది. బురద మాత్రం అదే. ఆటు పోతుంటే బుడగలు చిట్లుతున్నాయి. జేజినాయన, కోటయ్య, జేజి అందరూ ఆ ఊపిరిలో ఉన్నట్టు అనిపించింది. నాయన కూడా, కొంచెం వెనకగా, చెప్పులు లేకుండా. పల్లె పెద్దలు ఒడ్డున నిలబడి ఉన్నారు. నేను బురదలోకి దిగాను. ఎవరి భుజమూ పట్టుకోలేదు. తాడును ఉప్పునీళ్ళలో ముంచి, నానేదాకా పట్టుకుని నిలబడ్డాను. తర్వాత బొటనవేలితో తోశాను. ఒకసారికి కదలలేదు. గోరు విరిగింది. పక్కన పోలమ్మ, "లాగండమ్మా" అంది. "లాగితే బిగుస్తాది" అన్నాను. మళ్ళీ తోశాను. ముడి నోరు తెరిచింది.

ఎవరూ కేక పెట్టలేదు. ఒక ముసలాయన తలకు చుట్టుకున్న తుండు తీసి భుజాన వేసుకున్నాడు. కట్టే కాలం కాదని తెలిసినా, పల్లెవాళ్ళు ఆ పూటే కొత్త తాడు కట్టారు. గుత్తకి ఇద్దామన్నవాళ్ళలో ఒకడు చివరికి వచ్చి తాడు ఒక కొస పట్టుకున్నాడు. "ఇది విప్పేదానికి ఎవురొస్తారమ్మా?" అని ముసలాయన అడిగాడు. నేను వస్తానన్నాను. నా తర్వాత ఎవరని అడగలేదు. మా ఇంట్లో ఇక ఎవరూ లేరు.

నంద్యాలలో నా అద్దె ఇంటి గోడలు సిమెంటువి. అవి చెమర్చవు. అయినా ఈ మధ్య పొద్దున్నే లేచి వంటింటి గోడ మీద చెయ్యి ఆనిస్తున్నాను. పోలమ్మ తెచ్చిన రొయ్యలు గోంగూరలో వేసి వండుకున్నాను. ఆ రుచి కాదు. అవి ఏ రేవువో ఆమెకూ తెలియదు, కొన్నదట. పెద్దరికం అంటే అరుగు, పల్లకి దిగే రాయి, ఊళ్ళో మన పేరు అని మా వాళ్ళు అనుకున్నారు. వాటిని కాపాడుకోవడానికి, ఎవరి కంటా పడని దాన్ని ముందు వదిలేశారు. మా పేరుకు నిజంగా పని ఉన్న చోటు అదొక్కటే.

మా నాయన మొదట అమ్మింది మడ. తర్వాత కుందూ ఒడ్డు చేను, కాలువ కింద మాగాణి. ఆఖరున ఇల్లు అమ్మాం.